ఫోన్ ఎత్తగానే హలో ఎందుకంటాం? అందరూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ గర్ల్ ఫ్రెండ్ పేరు మార్గరెట్ హలో, అందుకే ఫోన్లో హలో అంటాం అనే వాట్సాప్ ఫార్వర్డ్ ఏడాదికి రెండు మూడు సార్లయినా ఫ్యామిలీ గ్రూపుల్లోకి వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఇది నిజమేనా" అని అడుగుతారు, నేను మళ్ళీ మొదట్నుంచి టైప్ చేసుకుంటూ కూర్చుంటా. అందుకే ఇన్నేళ్ళుగా నన్ను అడిగినవన్నీ వాళ్ళు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టేశాను. వరసగా చదవక్కర్లేదు, ఏది కావాలంటే అది చదువుకోవచ్చు. చాలామందికి తెలియనిది, నాకు ఇందులో బాగా నచ్చేది ఒకటుంది. హలో అనేది పుట్టుకతో నమస్కారం కాదు, అదొక కేక.

## ఫోన్ లేని రోజులు

హలో అనే మాటని ఫోన్ కోసమే కనిపెట్టారా?

లేదండీ. 1826లోనే అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని నార్విచ్ అనే ఊరి పేపర్లో ఈ మాట అచ్చయింది. ఫోన్‌కి పేటెంట్ వచ్చింది 1876లో, అంటే మాటే యాభై ఏళ్ళు పెద్దది. దానికంటే పాతవి హాలో, హల్లూ, హోలా, హోలో ఇలా రకరకాలుగా ఇంగ్లీషులోనూ జర్మన్ లోనూ ఉన్నాయి. వేటకుక్కల్ని ఉసిగొల్పడానికి అరిచేది ఒకటి, ఏటికి అవతల గట్టున ఉన్న పడవవాడిని పిలిచేది ఒకటి. రేవులో నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "ఓహోయ్... పడవోయ్" అని అరవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

అయితే అప్పట్లో హలో అంటే అర్థం ఏంటి?

రెండు రకాలుగా వాడేవాళ్ళు. దూరంగా ఉన్నవాళ్ళని "ఇటు చూడు" అని పిలవడానికి ఒకటి, "అరె, ఇదేంటి!" అని ఆశ్చర్యపోడానికి ఇంకొకటి. ఎదురుపడ్డ మనిషిని పలకరించడానికి మాత్రం కాదు, దానికి గుడ్ మార్నింగ్ లాంటివి వేరే ఉండేవి.

మన తెలుగులో ఆ పాత అర్థం ఇంకా అలాగే బతికుంది, ఎవరూ గమనించరు గానీ. రేషన్ షాపులో ఎవరో క్యూ దాటుకుని ముందుకెళ్తుంటే వెనకనుంచి "హలో మాస్టారూ, మేం కూడా మనుషులమే" అని వినబడుతుంది చూడండి, ఆ హలోలో పలకరింపు ఎక్కడుంది? అది ఆగమని కేక, 1826 నాటి హలో అచ్చంగా అదే.

అహోయ్ అని కూడా అనేవాళ్ళట, అదేంటి?

అది ఓడలవాళ్ళ మాట. సముద్రం మీద ఒక ఓడనుంచి ఇంకో ఓడని పిలవాలంటే అహోయ్ అని గట్టిగా అరిచేవాళ్ళు. గాలిలో, అలల హోరులో పోకుండా వినబడేది "ఓ" అనే శబ్దం, అందుకే మన ఓహోయ్ లో కూడా అదే ఉంది. ఇప్పటికీ చెక్ దేశంలో స్నేహితులు ఎదురుపడితే "అహోయ్" అనే పలకరించుకుంటారు, ఆ దేశానికి సముద్రతీరమే లేదు.

## బెల్, ఎడిసన్ రోజులు

ఫోన్లో మొట్టమొదట మాట్లాడిన మాట హలోనే కదా?

కాదు. 1876 మార్చి 10న బోస్టన్‌లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన గదిలోంచి పక్క గదిలో ఉన్న అసిస్టెంట్ థామస్ వాట్సన్‌ని పిలిచాడు. "మిస్టర్ వాట్సన్, ఇలా రండి, మీతో పనుంది" అనే అర్థం వచ్చే మాట అది. హలో లేదు, అహోయ్ లేదు, నేరుగా పేరు పెట్టి పిలుపే. పేటెంట్ దానికి మూడు రోజుల ముందు, మార్చి 7న వచ్చింది.

గ్రాహం బెల్ గర్ల్ ఫ్రెండ్ పేరు మార్గరెట్ హలో, అందుకే ఫోన్లో హలో అంటాం అని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

నిజం కాదు, ఇందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు. బెల్ పెళ్ళి చేసుకున్నది మేబెల్ హబ్బర్డ్‌ని, 1877 జులై 11న. ఆమెకి ఐదేళ్ళ వయసులో జ్వరమొచ్చి పూర్తిగా వినికిడి పోయింది. బెల్ అసలు వృత్తి చెవిటివాళ్ళకి మాట నేర్పడం, ఆమె ఆయన దగ్గర చదువుకున్న అమ్మాయే. ఆమె పెదాలు చూసి మాట అర్థం చేసుకునేది, కాబట్టి భర్త కనిపెట్టిన ఫోన్లో ఆయన గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు.

ఇంకో విషయం, బెల్‌కి హలో అనే మాట నచ్చేది కాదు. ప్రేమించిన అమ్మాయి పేరే అయితే ఆయనే అనకుండా ఉంటాడా? ఫార్వర్డ్ చేసేవాళ్ళ మీద నాకు కోపం లేదు, కథ తియ్యగా ఉంది కాబట్టి పాకుతుంది. కానీ అసలు కథలో ఉన్న మేబెల్ని పక్కన పెట్టేసి లేని మార్గరెట్‌ని కూర్చోబెట్టడం నాకు ప్రతిసారీ బాధగానే ఉంటుంది.

మరి బెల్ ఫోన్లో ఏమనేవాడు?

అహోయ్, లేదా "హోయ్ హోయ్". లోకమంతా హలోకి మారిపోయినా ఆయన చివరిదాకా మారలేదు. 1922 ఆగస్టు 2న కెనడాలోని నోవా స్కోషియాలో చనిపోయాడు, అంత్యక్రియల టైంలో అమెరికా, కెనడా అంతటా ఫోన్లన్నీ ఒక్క నిమిషం ఆపేశారు.

హలో పెట్టింది ఎడిసన్ అంటారు, దానికి సాక్ష్యం ఏమైనా ఉందా లేక అదీ కథేనా?

దీనికి మాత్రం కాగితమే ఉంది. 1877 ఆగస్టు 15న థామస్ ఎడిసన్ పిట్స్‌బర్గ్‌లో టెలిగ్రాఫ్ కంపెనీ నడిపే డేవిడ్ అనే ఆయనకి ఒక చిన్న ఉత్తరం రాశాడు. సారాంశం ఏంటంటే, మనకి పిలుపు గంట అక్కర్లేదనుకుంటా, హలో అంటే 10 నుంచి 20 అడుగుల దూరం వినబడుతుంది, మీరేమంటారు? కింద ఇంకో లైన్‌లో సెట్టు తయారీకి 7 డాలర్లే అవుతుందని లెక్క కూడా రాశాడు.

ఈ ఉత్తరం అర్థం కావాలంటే అప్పటి ఫోన్ ఎలా ఉండేదో తెలియాలి. మొదట్లో ఫోన్‌కి గంట లేదు. డయల్ లేదు, నంబర్ లేదు, రెండు చోట్ల మధ్య ఒక తీగ, అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆఫీసు నుంచి ఫ్యాక్టరీకి అనుకోండి. అవతల మనిషి ఎక్కడో పనిలో ఉంటాడు, ఇటువైపు వాళ్ళు మాట్లాడాలనుకుంటున్నారని వాడికి తెలిసేదెలా? కొందరు పెన్సిల్‌తో ఫోన్లోని రేకు మీద కొట్టేవాళ్ళు, ఆ టకటక అవతల వినబడేది. వాట్సన్ దీనికోసం గంట మీద పనిచేస్తున్నాడు. ఎడిసన్ ఏమన్నాడంటే ఇదంతా దేనికి, ఒక్క కేక పెడితే సరిపోదా అని. అంటే ఎడిసన్ దృష్టిలో హలో అనేది ఈరోజు మన రింగ్‌టోన్ చేసే పని. మర్యాద కోసం కాదు, మనిషిని ఫోన్ దగ్గరికి రప్పించడానికి. తర్వాత గంట ఎలాగూ వచ్చేసింది, కేక మాత్రం పోకుండా ఫోన్ ఎత్తగానే అనే మాటగా మిగిలిపోయింది.

ఈ ఉత్తరాన్ని బయటికి తీసింది బ్రూక్లిన్ కాలేజీలో ప్రాచీన భాషలు చెప్పే అలెన్ కోనిగ్స్‌బర్గ్ అనే ప్రొఫెసర్. ఏటీ అండ్ టీ అనే అమెరికా ఫోన్ కంపెనీ పాత కాగితాల్లో దొరికింది, 1992లో న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది.

హలో హంగేరియన్ మాట అని ఒకరు చెప్పారు, ఎడిసన్ దగ్గర పనిచేసిన హంగేరీ ఆయన అన్నాడంట?

ఆయన పేరు తివదార్ పుష్కాష్, నిజంగానే ఎడిసన్‌తో పనిచేశాడు, 1893లో బుడాపెస్ట్‌లో ఫోన్ తీగల మీద వార్తలు చదివి వినిపించే సర్వీసు కూడా పెట్టాడు, చాలా గొప్పవాడు. హంగేరియన్‌లో "హల్లోద్" అంటే వింటున్నావా అని, అందుకే ఆ కథ అతుక్కుంది. కానీ ఆయన పుట్టింది 1844లో, హలో పేపర్లో అచ్చయింది 1826లో.

## ఎక్స్చేంజీ రోజులు

ఒక్క ఉత్తరం రాస్తే లోకమంతా హలో అనేస్తుందా? అసలు ఎలా పాకింది?

ఉత్తరం వల్ల కాదు, అందరి ఫోన్ తీగలూ ఒకచోటికి తెచ్చి కలిపే ఎక్స్చేంజీల వల్ల. 1878 జనవరి 28న కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో మొదటి కమర్షియల్ ఎక్స్చేంజీ 21 మంది కస్టమర్లతో తెరిచారు. దాంతో ఎవరైనా ఎవరితోనైనా మాట్లాడే వీలొచ్చింది, ముఖం తెలియని మనిషితో కూడా. అక్కడే చిక్కు. అప్పటి పెద్దింటివాళ్ళ పద్ధతిలో ఎవరో ఒకరు పరిచయం చేస్తే తప్ప కొత్తవాళ్ళతో మాట్లాడకూడదు. ఫోన్ ఎత్తేటప్పటికి అవతల ఉన్నది దొరగారో పాలవాడో తెలియదు, గుడ్ మార్నింగ్ సార్ అనాలా ఇంకోలా అనాలా? హలోకి ఆ తేడాలేమీ లేవు, ఎవరికైనా ఒకటే, పగలైనా రాత్రైనా ఒకటే.

పైగా కంపెనీలే నేర్పాయి. అదే ఏడాది న్యూ హేవెన్ ఫోన్ డైరెక్టరీలో మాట మొదలుపెట్టేటప్పుడు గట్టిగా, హుషారుగా "హల్లోవా" అనమని, ముగించేటప్పుడు "దట్ ఈజ్ ఆల్" అనమని రాశారు. రెండోది నిలబడలేదు. 1880లో నయాగరా దగ్గర టెలిఫోన్ కంపెనీల మొదటి జాతీయ సమావేశం జరిగితే వచ్చినవాళ్ళు హలో అని రాసి ఉన్న బ్యాడ్జీలు పెట్టుకున్నారు. ఫోన్ పుట్టి నాలుగేళ్ళే, అప్పటికే అహోయ్ ఓడిపోయింది.

హలో గర్ల్స్ అంటే ఎవరు?

ఎక్స్చేంజీల్లో కూర్చుని తీగలు కలిపే ఆడపిల్లలని అమెరికాలో అలా పిలిచేవాళ్ళు. మొదట టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో పనిచేసిన కుర్రాళ్ళని పెట్టారు, వాళ్ళు కస్టమర్లతో దురుసుగా మాట్లాడటం, ఆటలాడటం చూసి 1878 సెప్టెంబర్ 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆమెని తీసుకున్నారు, మొదటి మహిళా ఆపరేటర్ ఆమే. తర్వాత ఆ ఉద్యోగమే ఆడవాళ్ళదైపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో అమెరికా సైన్యం ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ వచ్చిన ఆడవాళ్ళని ఫ్రాన్స్ పంపింది, యుద్ధభూమికి దగ్గర్లో కూర్చుని ఆర్డర్లు కలిపి పంపించారు. యూనిఫాం వేసుకున్నారు, ప్రమాణం చేశారు, తిరిగొచ్చాక మాత్రం మీరు సైనికులు కారు పొమ్మన్నారు. వాళ్ళని మాజీ సైనికులుగా ఒప్పుకున్న చట్టం 1977లో గానీ రాలేదు, అప్పటికి చాలామంది చనిపోయారు. హలో అనే మాట వెనక ఇంత కష్టపడ్డ మనుషులున్నారని తెలిసినప్పుడు నాకైతే గొంతు పట్టేసింది.

ఒకప్పుడు ఫోన్లో హలో అనడం మర్యాద కాదనేవాళ్ళంట?

అవును, చాలా ఏళ్ళు. ఎవరినైనా "ఓయ్" అని పిలిచినట్టు ఉందని పెద్దవాళ్ళకి నచ్చేది కాదు, కంపెనీలు కూడా తర్వాత తర్వాత హలో బదులు పేరో ఆఫీసు పేరో చెప్పమని ప్రచారం చేశాయి. బ్రిటన్‌లో చాలాకాలం "ఆర్ యూ దేర్" అనేవాళ్ళు, తమ ఫోన్ నంబర్ చెప్పి ఎత్తే అలవాటు ఇంకా ఎక్కువ రోజులు ఉంది. ఎవరెంత చెప్పినా జనం హలో వదల్లేదు.

ఫోన్ చేసింది వాళ్ళు కదా, మరి ఎత్తినవాళ్ళం మనమే ఎందుకు ముందు మాట్లాడతాం?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ పరిశోధకుడు పోలీసులకి వచ్చినవీ, పోలీసులు చేసినవీ కలిపి దాదాపు 500 ఫోన్ కాల్స్ రికార్డింగులు విని 1968లో ఒక వ్యాసం రాశాడు. వాటిలో ఒక్క కాల్‌లో మాత్రం చేసినవాళ్ళే ముందు మాట్లాడారు. ఆ ఒక్కటీ ఎందుకిలా అని పట్టుకుని కూర్చున్నాడు. చూస్తే అందులో ఫోన్ చేసింది పోలీసులే, అవతలివాళ్ళు ఎత్తి ఏమీ అనకుండా ఉండిపోయారు, కాసేపు చూసి చేసిన పోలీసులే హలో అన్నారు.

దాన్నుంచి ఆయన చెప్పింది ఏంటంటే ముందు మాట్లాడేది అసలు ఎత్తినవాళ్ళు కాదు, గంట. గంట మోగడమే మొదటి పిలుపు. ఇంటి ముందు నిలబడి "అత్తయ్యా" అని కేకేస్తే లోపల్నుంచి "ఆఁ... వస్తున్నా" అంటారే, ఆ "ఆఁ" లాంటిది మనం ఎత్తి అనే హలో. ఎత్తినవాళ్ళు పిలుపుకి పలకలేదు కాబట్టి చేసిన పోలీసులు ఇంకోసారి పిలిచారు, అంతే. ఎత్తి ఏం మాట్లాడకపోతే మనకి చిరాకొచ్చేది కూడా అందుకే, పిలిస్తే పలక్కపోవడం మనకి ఎదురుగా ఉన్నా తప్పే కదా.

## మన దగ్గరికి వచ్చాక

మన దేశంలోకి ఫోన్, హలో ఒకేసారి వచ్చాయా?

ఒకేసారి అనే చెప్పుకోవాలి. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్చేంజీలు తెరిచారు, కలకత్తాలో 93 మంది కస్టమర్లు. అప్పటికి అమెరికాలో హలో స్థిరపడిపోయింది, కాబట్టి ఫోన్ పెట్టెతో పాటే ఈ మాటా దిగింది. కాకపోతే చాలాకాలం ఫోన్ అంటే దొరలు, కంపెనీలు, పెద్ద ఆఫీసర్లు, అంతే. స్వతంత్రం వచ్చే నాటికి దేశం మొత్తం మీద ఫోన్లు సుమారు 80 వేలు. మామూలు జనం నోట హలో వినబడింది ఆ తర్వాత చాలా ఏళ్ళకి.

టెలిఫోన్‌కి దూరవాణి అని పెట్టారు, సెల్‌కి చరవాణి అని పెట్టారు, హలోకి తెలుగు మాట ఎందుకు పెట్టలేదు?

అవసరం పడలేదు అని నా అభిప్రాయం. తెలుగువాళ్ళ నోటికి హలో పరాయిదిగా అనిపించదు. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, హలో కూడా అంతే. అన్నిటికన్నా ముఖ్యం ఏంటంటే మన పిలుపుల్లోనే ఆ ఓ ఉంది. అన్నో, అమ్మో, ఏవండోయ్, ఒరేయ్ నాయనో, దండోరా వేసేటప్పుడు "వినండహో". దూరంగా ఉన్నవాళ్ళకి వినబడాలంటే చివర్న ఓ సాగదీయడం మనకి తరతరాల అలవాటు. అందుకే బడి మొహం చూడని మా నాయనమ్మ కూడా "అలో... అలోవ్" అని తనకి కావలసినట్టు మలుచుకుని హాయిగా అనేసేది.

నమస్తే అని ఎత్తేవాళ్ళూ ఉన్నారు, బాగానే ఉంటుంది. కానీ నమస్తే అనాలంటే అవతల ఎవరో తెలియాలి, చిన్నపిల్లాడు చేస్తే నమస్తే అంటామా?

ట్రంక్ కాల్ రోజుల్లో పెద్దవాళ్ళు హలో హలో అని వీధి అంతా వినబడేలా ఎందుకు అరిచేవాళ్ళు?

నిజంగానే వినబడేది కాదు కాబట్టి. తీగలో వెళ్ళేకొద్దీ గొంతు పలచబడిపోతుంది, మధ్యలో గరగర, పక్క లైన్ వాళ్ళ మాటలు. ట్రంక్ కాల్ అంటే వేరే ఊరికి ఆపరేటర్ ద్వారా చేసే కాల్, బుక్ చేసి గంటలు కాచుకుని కూర్చుంటే వచ్చేది మూడు నిమిషాలు, అందులో సగం హలో హలోకే పోయేది. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని రకాలుండేవి, లైట్నింగ్ అంటే చాలా ఖరీదు. ఆపరేటర్ లేకుండా నేరుగా డయల్ చేసే ఎస్‌టీడీ దేశంలో మొదట 1960లో లక్నో, కాన్పూర్ల మధ్య వచ్చింది, ఊళ్ళకి చేరేటప్పటికి ఇంకా రెండు మూడు దశాబ్దాలు పట్టింది.

అప్పట్లో లెటర్‌హెడ్డుల మీద, శుభలేఖల మీద నంబర్ పక్కన "పీపీ" అని ఉండేది గుర్తుందా? ఫోన్ మనది కాదు, పక్కింటివాళ్ళది, చేస్తే పిలుస్తారు అని. మా ఊళ్ళో కిరాణా కొట్టులో ఒకటే ఫోన్. కొట్టాయన ఎత్తి హలో అని, ఎవరు కావాలో కనుక్కుని, కుర్రాణ్ణి పరిగెత్తించి, పది నిమిషాల తర్వాత మళ్ళీ చెయ్యమనేవాడు. మా అమ్మ పని మధ్యలో వదిలేసి చెంగుతో చేతులు తుడుచుకుంటూ పరిగెత్తేది, ఎత్తి హలో అనేటప్పుడు ఆమె గొంతు వణికేది. ఫోన్ వచ్చిందంటే ఎవరికో ఏదో అయిందనే ఆ రోజుల్లో భయం. అవతల్నుంచి "ఏం లేదు, ఊరికే చేశా" అని వినబడేదాకా ఊపిరి తీసుకునేది కాదు.

ఫోన్ పెట్టేటప్పుడు బై అనకుండా "ఉంటా మరి" అంటాం కదా, అదెక్కడిది?

ఇది మన సొంతం. మొదలు పరాయి మాటతో పెడతాం, ముగింపు మాత్రం తెలుగులోనే. ఎవరింటికైనా వెళ్ళి బయల్దేరేటప్పుడు పోతా అనం, వెళ్ళొస్తా అంటాం, పోతా అనడం అపశకునం. ఫోన్లో వెళ్ళడం లేదు, రావడం లేదు, మరి ఏమనాలి? ఉంటా. ఎంత మంచి మాట చూడండి, మాట ఆపేస్తున్నా గానీ నేనున్నాను అని.

అదొక్కసారే అని పెట్టేయం కూడా. "సరే అయితే", "ఆ సరే", "మరి ఉంటానండీ", "ఆ ఉండండి", "పిల్లలు జాగ్రత్త", "ఆ ఆ", "ఉంటా మరి" ఇలా నాలుగైదు మెట్లు దిగితే గానీ ఫోన్ కింద పెట్టం. టక్కున పెట్టేస్తే కోపమొచ్చిందేమో అనుకుంటారు. తెలంగాణలో "ఉంట మల్ల", "పెడ్తున్న మరి" అనేది ఎక్కువ వింటాం.

అందరూ హలోనే అంటారా? మా బాబాయ్ మాల వేసుకున్నాక స్వామి శరణం అని ఎత్తుతున్నాడు.

అందరూ అనరు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు ఆ నలభై ఒక్క రోజులూ స్వామి శరణం అనే అంటారు, అవతలివాళ్ళు కూడా "స్వామీ" అనే పలుకుతారు. చర్చికి వెళ్ళేవాళ్ళలో ప్రైజ్ ద లార్డ్, వందనాలండీ. ఇంకొందరు జై శ్రీరామ్, ఇంకొందరు జై భీమ్, ముస్లింలు అస్సలాము అలైకుం. ఇవి మన మనుషుల మధ్య మన గుర్తులు. తెలియని నంబర్ వస్తే మాత్రం చాలామంది హలోకే వెళ్తారు.

గవర్నమెంటు హలో అనొద్దని రూల్ పెట్టిందంటారు, ఎక్కడ?

మహారాష్ట్రలో. 2022 అక్టోబర్‌లో ప్రభుత్వ ఉద్యోగులు ఫోన్ ఎత్తినప్పుడు హలో బదులు వందే మాతరం అనాలని అక్కడి ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, గాంధీ జయంతి రోజు మొదలుపెట్టారు. అమెరికాలో ఇంకో రకం జరిగింది. టెక్సాస్‌లో క్లేబర్గ్ కౌంటీ 1997లో, హలోలో నరకం అనే అర్థమొచ్చే "హెల్" ఉందని, దాని బదులు స్వర్గాన్ని కలిపి "హెవెన్-ఓ" అనమని తీర్మానించింది. హలోకీ నరకానికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు, అది ఉత్త కేక మాత్రమే.

## బయటి దేశాల్లో

జపాన్‌లో మోషి మోషి అంటారు, అర్థం ఏంటి?

"మోసు" అంటే వినయంగా చెప్పుకోవడం, మన మనవి చేసుకుంటున్నాను లాంటిది. దాన్నే కుదించి రెండుసార్లు అంటారు. అక్కడ 1890 డిసెంబర్‌లో టోక్యో, యోకొహామా మధ్య ఫోన్లు మొదలయ్యాయి, మొదట్లో ఫోన్లు ఉన్నది పెద్దపెద్దవాళ్ళకి కాబట్టి "ఓయ్ ఓయ్" అనేవాళ్ళు. అది మోటుగా ఉందని మోషి మోషికి మారింది. దయ్యాలు, మాయనక్కలు ఆ మాట రెండుసార్లు పలకలేవు కాబట్టి రెండుసార్లు అంటే అవతల మనిషే అని నమ్మకం కుదురుతుందని అక్కడివాళ్ళు ఒక కథ కూడా చెప్పుకుంటారు.

వేరే దేశాల్లో ఏమంటారో కొన్ని చెప్పండి.

ఇటలీలో "ప్రోంతో", అంటే సిద్ధం. స్పెయిన్‌లో "దీగా", "దీగామే", మనం "ఆఁ చెప్పండి" అంటామే, అచ్చం అదే. మెక్సికోలో "బ్వేనో", బాగుంది అని, పాత రోజుల్లో లైన్ బాగుందని చెప్పడంతో మొదలైందంటారు. పోర్చుగల్‌లో "ఎస్తో", ఉన్నాను అని. వాళ్ళు ఉన్నానని మొదలుపెడతారు, మనం ఉంటానని ముగిస్తాం, ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో. జర్మనీలో ఇంటిపేరు చెప్పి ఎత్తడం పాత పద్ధతి. కొరియాలో "యొబొసెయో", ఇటు చూడండి అని. చైనాలో "వేయ్". ఫ్రాన్స్, రష్యా, అరబ్ దేశాలు, వియత్నాం వీటన్నిట్లో "అలో"నే కొద్ది తేడాలతో. గల్ఫ్‌కి వెళ్ళిన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళకి అరబ్బీలో ముందుగా అర్థమయ్యే మాట ఇదేనేమో.

## సెల్ చేతికొచ్చాక

ఇప్పుడు ఎవరు చేస్తున్నారో పేరు కనబడుతుంది కదా, ఇంకా హలో ఎందుకు?

తగ్గింది నిజమే. మన దేశంలో మొదటి సెల్ కాల్ 1995 జులై 31న, కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలో అప్పటి కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కి చేశారు. అప్పట్నుంచి మెల్లగా, పేరు కనిపించేకొద్దీ, పలకరింపు మారిపోయింది. "చెప్పమ్మా", "ఆ రా చెప్పు", "అన్నా చెప్పే", "ఏంటే" ఇవే ఇప్పుడు మన హలోలు. ఇంతకుముందు మాట మొదలయ్యాక గానీ వరస కలిసేది కాదు, ఇప్పుడు ఎత్తుతూనే వరస పెట్టి పిలుస్తున్నాం. ఎత్తగానే ఎవరైనా పొడిగా హలో అంటేనే "ఏంటి, నా నంబర్ తీసేశావా" అని అడిగే రోజులొచ్చాయి.

"ఎక్కడున్నావ్" అని అడగడం ఎప్పట్నుంచి మొదలైంది?

సెల్‌తోనే. ల్యాండ్‌లైన్‌కి చేస్తే మనిషి ఎక్కడున్నాడో తెలుసు, ఎవరు ఎత్తారో తెలియదు, అందుకే "ఎవరండీ మాట్లాడేది" అని అడిగేవాళ్ళం. సెల్‌లో తిరగబడింది, ఎవరో తెలుసు, ఎక్కడో తెలియదు.

మిస్డ్ కాల్ ఇవ్వడం కూడా పలకరింపేనా?

నా లెక్కలో పలకరింపే, ఇంకా గొప్పది, ఎందుకంటే ఒక్క మాట లేకుండా జరిగిపోతుంది. సెల్ వచ్చిన కొత్తలో ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు పడేవి, 2003లో అది పోయాక కూడా చేసేవాళ్ళకి ఖర్చే కాబట్టి "బస్సెక్కగానే ఒక రింగ్ ఇవ్వు" అనేవాళ్ళం. ఒక రింగంటే బయల్దేరా, రెండంటే చేరిపోయా, ఒక్కో ఇంటికి ఒక్కో కోడు.

తెలియని నంబర్ ఎత్తి హలో అంటే రెండు సెకన్లు ఏమీ వినబడదు, తర్వాత ఎవరో లోన్ కావాలా అంటారు. ఆ గ్యాప్ ఎందుకు?

అక్కడ మొదట మీ హలో వినేది మనిషి కాదు, మెషీన్. కాల్ సెంటర్లలో కంప్యూటర్ ఒకేసారి చాలా నంబర్లు డయల్ చేస్తుంది. ఎవరైనా ఎత్తి చిన్నగా ఒక మాట అని ఆగితే మనిషి అని, ఆపకుండా మాట్లాడుకుంటూ పోతే రికార్డెడ్ మెసేజ్ అని లెక్కేసుకుంటుంది, మనిషి అని తేలాక ఖాళీగా ఉన్న ఉద్యోగికి కలుపుతుంది. ఆ కలపడానికి పట్టే టైమే మీకు వినబడే నిశ్శబ్దం. నేనైతే తెలియని నంబర్ ఎత్తి ఏమీ మాట్లాడకుండా రెండు సెకన్లు ఆగుతా, మనవాళ్ళెవరైనా అయితే వాళ్ళే "హలో, నేనేనండీ" అంటారు. పోలీసులం, సీబీఐ అని బెదిరించి డబ్బడిగితే వెంటనే పెట్టేయండి, పోయిన డబ్బు గురించి కంప్లైంట్ ఇవ్వాలంటే 1930 నంబర్.

వీడియో కాల్‌లో ముఖం కనబడుతూనే ఉంటుంది, అయినా మా అమ్మ ఐదుసార్లు హలో అంటుంది. ఎందుకు?

ముఖం ముందొస్తుంది, గొంతు తర్వాతొస్తుంది, ఒక్కోసారి బొమ్మ ఆగిపోయి గొంతొక్కటే వస్తుంది. కనబడినంత మాత్రాన వినబడుతున్నట్టు కాదని అమ్మకి తెలుసు. దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో పిల్లలున్న ఇళ్ళల్లో రాత్రిపూట ఇది రోజూ వినబడేదే, "హలో... వినబడుతోందా... హలో... ఆఁ ఇప్పుడు వినబడుతోంది... అన్నం తిన్నావా?"